ఫార్మాట్ కొట్టించే ముందు: డెస్క్‌టాప్ ఆన్ కాకపోయినా, వైఫై పట్టకపోయినా ఇలా చూసుకోండి

పోయిన ఎండాకాలం దేవరకొండ వైపు నుంచి జిరాక్స్ సెంటర్ నడుపుకునే ఒక తమ్ముడు సీపీయూ డబ్బాను బైకు ముందు పెట్టుకొని నల్లగొండలో నా దగ్గరికి వచ్చిండు. "అన్నా, డిస్‌ప్లే వస్తలేదు. మా కాడ ఒకాయనకు చూపిస్తే ఫార్మాట్ కొట్టాలె అన్నడు. ఏడేండ్ల సంది పాస్‌ఫొటోలు, పెండ్లి కార్డుల డిజైన్లు అన్నీ అండ్లనే ఉన్నయ్. ఎట్లనన్న జేసి బతికియ్యే" అన్నాడు. పక్క మూత తీసి, ర్యామ్ పట్టీ బయటికి లాగి చూశాను. బంగారు రంగులో మెరవాల్సిన పళ్లు మసకబారి గోధుమరంగుకు తిరిగాయి. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, స్లాట్‌లో క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాను. డిస్‌ప్లే వచ్చింది. ఫొటోలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఫార్మాట్ అంటే డిస్కు చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం. స్క్రీన్ మీద అసలు బొమ్మే రాని మిషన్‌కు, ఫార్మాట్‌కు సంబంధం లేదు. విండోస్ దాకా పోకముందే ఆగిపోయిన దానికి విండోస్ మార్చి ఏం లాభం? అయినా మన దగ్గర ఏ రోగానికైనా మొదట చెప్పే మందు ఫార్మాటే. వైఫై పోయినా ఫార్మాటే. అది చూసి కడుపు మండే ఇంత వివరంగా రాస్తున్నాను. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా విడిభాగాల కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు పోవాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. డబ్బా ఎత్తుకొని బస్సెక్కే ముందు ఇంట్లోనే తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి.

ముందు ఒకటే ప్రశ్న: ఎక్కడ ఆగింది?

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనబడేదాకా మిషన్ వరసగా కొన్ని మెట్లు ఎక్కుతుంది. ముందు ఎస్ఎంపీఎస్ (డబ్బా లోపల అన్నిటికీ కరెంటు పంచే పెట్టె) కరెంటు ఇవ్వాలి. తర్వాత మదర్‌బోర్డు తన ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, డిస్‌ప్లేను పరీక్షించుకోవాలి. ఆ తర్వాత బయోస్ (బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాము) డిస్కును వెతికి పట్టుకోవాలి. డిస్కులోని బూట్ ఫైళ్లు విండోస్‌ను లేపాలి. విండోస్ డ్రైవర్లను (ఒక్కో పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాములను) ఎక్కించుకోవాలి. వైఫై వచ్చేది ఈ చివరి మెట్టులో.

ఫ్యాన్ తిరగట్లేదా? తిరుగుతున్నా బొమ్మ లేదా? కంపెనీ లోగో వచ్చి నల్ల తెర మీద ఇంగ్లిషులో ఏదో రాసి ఆగిందా? విండోస్ గుర్తు కింద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయా? అది ఒక కాగితం మీద రాసుకోండి. తెర మీద వచ్చిన వాక్యాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆగిన మెట్టు తెలిస్తే పైమెట్లను ముట్టుకోవాల్సిన పని లేదు. ఇంకో నియమం: ఒకసారికి ఒక్కటే మార్చండి, ఆన్ చేసి చూడండి. నాలుగు కలిపి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

ఫ్యాన్ కూడా తిరగకపోతే

యూపీఎస్‌ను పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ లైటు వెలిగించుకుంటూనే మోసం చేస్తుంది. డబ్బా వెనక ఎస్ఎంపీఎస్‌కు ఉండే చిన్న స్విచ్చు చూడండి, ఇల్లు ఊడ్చేటప్పుడు ఆఫ్ అవుతుంటుంది. తర్వాత ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టండి. బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. కరెంటు పోతూ వస్తూ ఉన్న రోజుల్లో మొరాయించిన మిషన్లు కొన్ని ఈ ఒక్క పనితోనే లేస్తాయి. అప్పటికీ కదలకపోతే తెలిసినవాళ్ల దగ్గర ఇంకో ఎస్ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూడాలి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు

మన ఎండలు, దుమ్ము కలిసి ఎక్కువ మిషన్లను ఆపేది ఈ మెట్టు దగ్గరే. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసుల నుంచి వచ్చే డబ్బాలు తెరిస్తే ప్రాసెసర్ ఫ్యాను కింద తవుడు దుమ్ము అట్టలాగా పేరుకొని ఉంటుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి, మిషన్ ఆన్ అయిన కాసేపటికే ఆగిపోతుంది.

ప్లగ్గు తీయండి. చేతితో డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. మెత్తని బ్రష్‌తో, బ్లోయర్ ఉంటే బ్లోయర్‌తో దుమ్ము దులపండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి. తడిబట్ట వద్దు.

ర్యామ్ పట్టీకి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు వెనక్కి వంచి పట్టీని నిలువుగా పైకి లాగండి. పైన చెప్పినట్టు రబ్బరుతో పళ్లు శుభ్రం చేయండి. రెండు పట్టీలుంటే మొదట ఒక్కటే పెట్టి ఆన్ చేయండి, తర్వాత రెండోది, తర్వాత స్లాట్ మార్చి. ఏది పాడైందో ఇలాగే తేలుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషన్ అయితే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారా, పొరపాటున బోర్డుకు పెట్టారా చూడండి. డబ్బా జరిపి మళ్లీ బిగించినప్పుడు చాలామంది పొరపడేది ఇక్కడే.

ఈమధ్య వచ్చే చాలా బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (డిస్‌ప్లే), బూట్ (డిస్కు) అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏ లైటు ఆరకుండా వెలుగుతుందో రోగం అక్కడుంది. పాత బోర్డుల్లో స్పీకరు బీప్‌లు కొడుతుంది. కానీ ఎన్ని బీప్‌లకు ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది, అందుకే ఆ బోర్డు మాన్యువల్‌నే నమ్మండి.

రూపాయి బిళ్లంత సెల్లు

బోర్డు మీద గుండ్రంగా మెరుస్తూ ఒక సెల్లు ఉంటుంది. దాని పేరు సీఆర్2032. కరెంటు లేనప్పుడు తేదీని, టైమును నడిపించేది ఇదే. బయోస్ సెట్టింగులను కూడా చాలా బోర్డుల్లో ఇదే కాపాడుతుంది. మల్టీమీటర్ పెడితే 3 వోల్టుల దగ్గర చూపాలి. 2.7 కిందికి దిగితే మార్చేయండి, వాచీల దుకాణంలో కూడా దొరుకుతుంది.

ఇంత చిన్న సెల్లు మీద ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఇది చచ్చిపోతే రెండు వింత రోగాలొస్తాయి. ఒకటి: బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతిని చెప్పే బయోస్ సెట్టింగు ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, మరోదానికో మారిపోయి, విండోస్ నీలి తెర మీద 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని వేసి ఆగుతుంది. డిస్కు బంగారంలా ఉంటుంది, కానీ పోయిందని చెప్పి కొత్తది అమ్ముతారు. బయోస్‌లో ఆ సెట్టింగును ముందున్నట్టు పెడితే విండోస్ లేస్తుంది. రెండోది: తేదీ ఏండ్ల వెనక్కి పోతుంది. వైఫై కలిసినట్టే చూపిస్తుంది, కానీ బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు తెరుచుకోవు, భద్రత లేదని హెచ్చరిక వస్తుంది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు గడువు తేదీలు ఉంటాయి కాబట్టి మిషన్ తేదీ తప్పితే బ్రౌజర్ నమ్మదు. వైఫై డ్రైవర్ పోయిందని నా దగ్గరికి తెచ్చిన మిషన్లలో గడియారం తప్పినవి ఎన్నో చూశాను. కింద కుడి మూలన తేదీ చూడటానికి ఒక్క క్షణం చాలు.

లోగో వచ్చింది, 'బూట్ డివైస్ లేదు' అంటుంది

ముందుగా డబ్బాకు గుచ్చిన పెన్‌డ్రైవ్, కార్డ్ రీడర్, ప్రింటర్ కేబుల్, వైఫై డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న వైఫై పరికరం) అన్నీ పీకేయండి. కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచండి. మర్చిపోయిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావాలని చూసి ఆగే మిషన్లు బోలెడు.

తర్వాత బయోస్‌లోకి వెళ్లండి. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 మీటను ఆపకుండా కొట్టాలి. హెచ్‌పీ మిషన్లలో ఎఫ్10. బూట్ మెనూ ఒక్కటే కావాలంటే డెల్, లెనోవో, గిగాబైట్‌లలో ఎఫ్12, ఎంఎస్ఐలో ఎఫ్11, ఆసుస్ బోర్డుల్లో ఎఫ్8, హెచ్‌పీలో ఎఫ్9.

బయోస్‌లో మీ డిస్కు పేరు కనబడుతుందా? కనబడకపోతే మిషన్ ఆపి, ప్లగ్గు తీసి, డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ రెండు కొసలు ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. వేరే కేబుల్‌తో, బోర్డు మీద వేరే సాకెట్‌లో కూడా చూడండి. ఈ కేబుల్ ఖరీదు వంద రూపాయల పైచిలుకే. డిస్కు నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తుంటే మాత్రం ఇక ఆన్ చేయకండి, ఆన్ చేసిన ప్రతిసారీ లోపలి డేటా ఇంకొంత పోతుంది.

డిస్కు కనబడుతూ కూడా బూట్ కాకపోతే వరస చూడండి. 'విండోస్ బూట్ మేనేజర్' అన్నది మొదట ఉండాలి. మిషన్ బూట్ కావడానికి యూఈఎఫ్ఐ (కొత్తది), లెగసీ (పాతది) అని రెండు పద్ధతులున్నాయి. విండోస్‌ను ఏ పద్ధతిలో వేశారో అదే ఉండాలి. డిస్కును భాగాలు చేసే తీరు కూడా రెండు రకాలు, జీపీటీ, ఎంబీఆర్ అని. జీపీటీ డిస్కులో వేసిన విండోస్ యూఈఎఫ్ఐ కోరుతుంది, ఎంబీఆర్ డిస్కులోది లెగసీ కోరుతుంది. ఒకదాని నుంచి ఒకదానికి మార్చి చూస్తే డేటాకు నష్టం లేదు, పని చేయకపోతే తిరిగి పాతదే పెట్టేయండి. ఒక్క జాగ్రత్త: బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్న మిషన్ అయితే ఇలాంటి మార్పుల తర్వాత 48 అంకెల తాళం అడుగుతుంది. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి, తాళం ఉందో లేదో చూసుకున్నాకే బయోస్‌లో చెయ్యి పెట్టండి.

విండోస్ గుర్తు దగ్గర చుక్కలు తిరుగుతూ ఉంటే

వరసగా రెండు మూడుసార్లు బూట్ మధ్యలో ఆగితే విండోస్ తనే రిపేర్ తెర తెస్తుంది. రాకపోతే వేరే మిషన్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ తయారు చేసుకొని దాని నుంచి బూట్ చేయండి. భాష అడిగే తెర దాటాక 'రిపేర్' అనే దారి ఉంటుంది, దానిలోకి పోవాలి. 'ఇన్‌స్టాల్' మీద చెయ్యి పడొద్దు, పైలం.

రిపేర్ చేసే ముందు ఫైళ్లు బయటికి తీసుకోండి. దీనికి ఒక సులువైన దారుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నోట్‌ప్యాడ్' అని ఇంగ్లిషులో కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. దాంట్లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే అన్ని డ్రైవ్‌లూ కనబడతాయి. ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి పోయి పేస్ట్. ఎంత అయిందో చూపే పట్టీ రాదు, తెర కదలకుండా ఉంటుంది, ఓపిక పట్టాలి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోయి సీ డ్రైవ్ డీ అని కనబడొచ్చు, కంగారు పడకండి.

డేటా చేతికొచ్చాక అదే అడ్వాన్స్‌డ్ తెరలో ఈ వరసలో పోండి. మొదట స్టార్టప్ రిపేర్. అది కాకపోతే, రోగం అప్‌డేట్ తర్వాత మొదలైందా గుర్తు చేసుకొని, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. ఆ తర్వాత సిస్టమ్ రిస్టోర్. ఈ మూడూ మీ ఫైళ్ల జోలికి రావు. తర్వాత స్టార్టప్ సెట్టింగ్స్‌కు పోయి, మళ్లీ మొదలయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్ (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) వస్తుంది.

సేఫ్ మోడ్‌లో చక్కగా లేచి, మామూలుగా లేవకపోతే తప్పు దాదాపుగా ఏదో డ్రైవర్‌దో, కొత్తగా వేసిన ప్రోగ్రామ్‌దో. బూట్ రోగం, వైఫై రోగం ఒకటయ్యేది ఇక్కడే. నీలి తెర మీద 'ఏది విఫలమైంది' అన్న చోట ఫైలు పేరు ఉంటే చదవండి. పేరు ఎన్‌ఈటీడబ్ల్యూటీడబ్ల్యూ అని మొదలైతే ఇంటెల్ వైఫై డ్రైవర్, ఆర్‌టీడబ్ల్యూఎల్‌ఏఎన్‌యూ అని ఉంటే రియల్‌టెక్ డాంగిల్ డ్రైవర్. డాంగిల్ పీకేసి ఆన్ చేయండి. మిషన్ లేచిందంటే దొంగ దొరికినట్టే. మామూలు సేఫ్ మోడ్‌లో వైఫై డ్రైవర్ ఎక్కదు కాబట్టి, అక్కడే స్టార్ట్ మీద కుడి బటన్ నొక్కి డివైస్ మేనేజర్ తెరిచి దాన్ని తీసేయొచ్చు.

సేఫ్ మోడ్ కూడా రాకపోతే మళ్లీ కమాండ్ ప్రాంప్ట్. ఇంగ్లిషు అక్షరాల్లో బీసీడీబూట్ అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, విండోస్ ఉన్న డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన గీత, విండోస్ అని రాసి ఎంటర్ కొట్టండి. బూట్ ఫైళ్లు కొత్తగా రాస్తుంది.

ఇప్పుడు వైఫై

డెస్క్‌టాప్‌లో వైఫై మూడు రకాలుగా ఉంటుంది: బోర్డులోనే కలిసి వచ్చేది, లోపల స్లాట్‌లో గుచ్చే కార్డు, యూఎస్‌బీ డాంగిల్. బోర్డులోనే ఉంటే ముందు డబ్బా వెనక్కి వెళ్లి చూడండి. ఇత్తడి రంగు మరలు రెండు బోసిగా కనబడుతున్నాయా? వాటికి యాంటెన్నాలు బిగించాలి. నారాయణపేటలో ఒక చీరల దుకాణం వాళ్లు కొత్త మిషన్‌కు వైఫై సిగ్నల్ ఒక్క గీతే వస్తుందని నెలరోజులు తిప్పలు పడ్డారు. యాంటెన్నాలు అట్టపెట్టెలో, ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా ఉన్నాయి.

రోగం ఏ రకమో తేల్చుకోండి. వైఫై బటనే లేకపోతే విండోస్‌కు కార్డు కనబడట్లేదు, లేదా డ్రైవర్ లేదు. చుట్టుపక్కల వాళ్ల వైఫైలు కనబడి మీది కనబడకపోతే డ్రైవర్‌ను తిట్టకండి: మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో పంపుతుంటే, 2.4 మాత్రమే తెలిసిన చవక డాంగిల్‌కు అది కనబడదు. రౌటర్ 12, 13 ఛానెళ్లలో ఉన్నా కొన్ని డాంగిళ్లకు కనబడదు. రౌటర్ సెట్టింగులో ఛానెల్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చండి.

బటనే లేదనుకుందాం. స్టార్ట్ మీద కుడి బటన్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్ల కింద వైఫై పేరు పక్కన కింది బాణం ఉంటే దాన్ని ఎవరో ఆపేశారు, ఎనేబుల్ చేయండి. పసుపు త్రిభుజం ఉంటే దాని మీద రెండుసార్లు నొక్కి కోడ్ చదవండి. 28 అంటే డ్రైవర్ లేదు. 10 అంటే డ్రైవర్ ఉంది కానీ పరికరం మొదలు కాలేదు. 43 అంటే పరికరమే తప్పు చెబుతోంది, ముందు వేరే సాకెట్‌లో పెట్టి చూడాలి. అసలు పేరే లేకపోతే డాంగిల్‌ను డబ్బా వెనక సాకెట్‌లో గుచ్చండి. ముందు సాకెట్లు బోర్డుకు సన్నని వైరుతో కలిసి ఉంటాయి, ఆ వైరు వదులైతే పవర్ సరిపోదు.

ఒక తమాషా గుర్తుంచుకోండి. కొన్ని డాంగిళ్లు గుచ్చగానే సీడీ డ్రైవ్‌లా కనబడతాయి. లోపల డ్రైవర్ ఫైలు దాచుకొని ఉంటాయన్నమాట. దాన్ని తెరిచి సెటప్ నడిపిస్తే, ఆ తర్వాతే డాంగిల్ వైఫైగా మారుతుంది.

డ్రైవర్ వెతకాలంటే పరికరం అసలు పేరు తెలియాలి. డబ్బా మీది బ్రాండ్‌ను నమ్మితే కుదరదు, ఒకే పేరుతో లోపల చిప్పు మార్చి అమ్ముతారు. పసుపు గుర్తు ఉన్నదాని ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఐడీ (చేసిన కంపెనీది), పీఐడీ (పరికరానిది) అని రెండు నంబర్లు ఉంటాయి. వీఐడీ 0బీడీఏ అయితే రియల్‌టెక్. 0బీడీఏ, 8179 అని జంటగా ఉంటే ఆర్‌టీఎల్8188ఈయూఎస్ చిప్పు. 148ఎఫ్, 7601 అయితే ఎంటీ7601యూ. లోపలి కార్డుకు వీఐడీ బదులు వీఈఎన్ అని ఉంటుంది, 8086 ఇంటెల్‌ది. ఈ నంబరుతో వెతికితే తప్పుడు డ్రైవర్ వేసుకునే ప్రమాదం తప్పుతుంది.

డ్రైవర్ దింపాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కు మీ జేబులోనే విడిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో డబ్బాకు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్ కింద 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. విండోస్ దాన్ని తీగ నెట్‌లా పట్టుకుంటుంది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే ఆ నెట్టే మిషన్‌కు పోతుంది, మీ డేటా ఖర్చు కాదు. కేబుల్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేది కాకూడదు, అంతే. ఇప్పుడు విండోస్ అప్‌డేట్‌లోకి పోయి వెతికిస్తే చాలాసార్లు డ్రైవర్ తనే వస్తుంది. లేకపోతే మదర్‌బోర్డు లేదా డాంగిల్ కంపెనీ సైటుకు వెళ్లండి. 'అన్ని డ్రైవర్లూ ఒకేసారి ఉచితంగా' అని ఊరించే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. ఒక డ్రైవర్ కోసం పోతే పది చెత్త ప్రోగ్రాములు వెంట వస్తాయి.

నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాత పోయిందా? ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్' నొక్కండి. అది మసకగా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి, డ్రైవర్‌ను కూడా తీసేయమని అడిగే చోట టిక్ పెట్టి, మిషన్ ఆపి తెరవండి. ఆపేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టి షట్‌డౌన్ కొట్టండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రే పోతుంది, పాత డ్రైవర్ స్థితి అలాగే మిగులుతుంది.

కలుస్తూ తెగుతూ ఉంటే ప్రాపర్టీస్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'పవర్ ఆదా కోసం ఆపేయొచ్చు' అన్నదాని టిక్ తీసేయండి. 2.4 డాంగిల్‌ను నీలి రంగు యూఎస్‌బీ 3 సాకెట్ల పక్కన, ముఖ్యంగా బయటి హార్డ్ డిస్క్ పక్కన పెట్టకండి. యూఎస్‌బీ 3 పుట్టించే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. మూరెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి డాంగిల్‌ను బల్ల మీదికి తెస్తే ఇనుప డబ్బా చాటు కూడా తప్పుతుంది. ఇవేవీ పని చేయకపోతే ఆఖరుకు సెట్టింగుల్లో నెట్‌వర్క్ రీసెట్. దాచిన వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, ముందే రాసి పెట్టుకోండి.

పాత మిషన్‌లో లినక్స్ వేసినవాళ్లకు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి కాబట్టి పాత డెస్క్‌టాప్‌లలో చాలామంది విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేస్తున్నారు, మంచి పనే. వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి వైఫై వస్తుందో లేదో చూడండి. రాకపోతే టెర్మినల్‌లో 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టి వైఫై లాక్ అయి ఉందేమో చూసి, తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరవండి. నెట్‌కు ఇక్కడా యూఎస్‌బీ టెథరింగే దారి. బయటి నుంచి వేసిన డ్రైవర్ ఎక్కకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి సంతకం లేని డ్రైవర్‌ను ఆపుతుండొచ్చు.

ఫార్మాట్ నిజంగానే తప్పకపోతే

డిస్కు బాగుండి, రిపేర్‌లన్నీ విఫలమైతే అప్పుడు ఫార్మాట్‌కు కూర్చోండి. కానీ దానికి ముందు పెన్‌డ్రైవ్‌లో మూడు ఉండాలి: మీ ఫైళ్లు, మదర్‌బోర్డు మోడల్‌కు సరిపోయే లాన్ (తీగ నెట్) డ్రైవర్, వైఫై డ్రైవర్. హార్డ్‌వేర్ ఐడీ, బోర్డు మోడల్, బయోస్‌లో డిస్కు ఏ పద్ధతిలో ఉందో ఒక చీటీ మీద రాసి డబ్బా మూత లోపలి వైపు టేపుతో అంటించండి. జిరాక్స్ తమ్ముడి డబ్బాకు ఆ రోజే అంటించి పంపాను. మొన్న ఉగాది ముందు వైఫై పోయిందని ఫోన్ చేసిండు. "మూత తీసి చీటీ చదువు తమ్మీ" అన్నాను. డ్రైవర్ పేరు ఫోన్‌లోనే చెప్పి, టెథరింగ్ పెట్టించి, పావుగంటలో వేయించాను. ఈసారి డబ్బా బైకెక్కలేదు.